మన ఊళ్లో ట్రాన్స్‌జెండర్ల తోడు బృందం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

మా మొదటి సమావేశంలో నేను అడిగింది ఒక్కటే. "రాత్రి పన్నెండింటికి కడుపునొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేస్తావు?" పద్నాలుగు మందిమి కూర్చున్నాం. ముగ్గురు తమ గురువు (హిజ్రా ఇంటి పెద్ద) పేరు చెప్పారు. ఒకరు రోజూ ఎక్కే ఆటో అన్న పేరు చెప్పారు. మిగతావాళ్లు నేలకేసి చూస్తూ ఉండిపోయారు. మా బృందం పుట్టింది ఆ ప్రశ్నలోంచే.

నేను ట్రాన్స్ మహిళని. మాది ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. హైదరాబాద్‌లో ఉన్నట్టు మాకు పెద్ద సంస్థలు, ప్రత్యేక క్లినిక్‌లు లేవు. అలాంటి ఊళ్లో ఉంటూ "మనమే ఏదైనా చేసుకోవాలి" అనుకుంటున్న ట్రాన్స్‌జెండర్ల కోసం, వాళ్లకి తోడు నిలబడాలనుకునే స్నేహితుల కోసం ఇది రాస్తున్నాను.

మనకి హక్కులు కాగితం మీద చాలానే ఉన్నాయి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పులో మన గుర్తింపుని ఒప్పుకుంది. 2019లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, నిజాం కాలంలో 1919లో పుట్టిన నపుంసకుల చట్టాన్ని కొట్టేసింది. మనని పుట్టుకతోనే నేరస్తుల్లా చూసి, పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేయించిన చట్టం అది. ఆ తీర్పులోనే మనకి ఆసరా పింఛను ఇమ్మని కూడా చెప్పింది. ఇవన్నీ కష్టపడి గెలుచుకున్నవి. అయినా కాగితం దానంతటది నడిచి ఇంటికి రాదు. దానికీ మనిషికీ మధ్య ఎవరో ఒకరు తిరగాలి. తోడు బృందం చేసేది ఆ పనే.

మొదటి అడుగు: ఒక నెల రోజులు వినండి

బ్యానర్ కట్టకండి, పేరు పెట్టకండి. ఊళ్లో ఎవరెవరు ఉన్నారో, ఎవరికి ఎవరితో మాటలున్నాయో ముందు తెలుసుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది స్త్రీ, పురుషుడు కాకుండా "ఇతరులు" అని నమోదయ్యారు. లెక్క రాసేవాళ్ల ముందు నోరు విప్పి చెప్పుకోగలిగినవాళ్ల సంఖ్య అది. చెప్పుకోలేనివాళ్లు మీ వీధిలోనే ఉండొచ్చు.

హిజ్రా జమాత్ (ఒక గురువు కింద కలిసి బతికే కుటుంబం) ఉన్న ఊరైతే ముందు గురువు దగ్గరికి వెళ్లండి. పళ్లు తీసుకెళ్లండి, కింద కూర్చోండి, చెప్పేది పూర్తిగా వినండి. "మీ చేలాలని (శిష్యురాళ్లని) మీ నుంచి విడదీయడానికి రాలేదమ్మా, ఆసుపత్రికి, ఆఫీసుకి తోడు వెళ్లడానికి వచ్చాం" అని సూటిగా చెప్పండి. జమాత్ అంటే కొందరికి చిన్నచూపు ఉంటుంది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లకి మొదటి రాత్రి అన్నం పెట్టింది చాలాసార్లు ఆ ఇల్లే. అది మర్చిపోకూడదు. అలాగే దండ్ (జమాత్ వేసే జరిమానా) కట్టలేకో, గొడవ పడో, రీత్ (గురువుతో బంధం) తెంచుకునో బయటికొచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లకీ మీ తలుపు తెరిచే ఉండాలి. ఈ సంగతి గురువుకి మొదటి రోజే చెప్పేయండి. తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది.

జమాత్‌లో లేని ట్రాన్స్ మహిళలు బ్యూటీ పార్లర్లలో, కాలేజీల్లో, కాల్ సెంటర్లలో ఉంటారు. కొందరు పగలు ప్యాంటు చొక్కాతోనే ఉద్యోగానికి వెళ్తుంటారు. వాళ్లకి మీతో రోడ్డు మీద కనిపించడమే భయం. కాబట్టి ఫోన్లో మొదలుపెట్టండి.

పల్లెల్లో ఇంకో సంగతి. వేములవాడ రాజన్న సన్నిధిలో శ్రీరామనవమి నాడు శివపార్వతులు (దేవుడికి తమని అర్పించుకున్న భక్తులు), హిజ్రాలు వందలాదిగా వచ్చి దేవుడినే పెళ్లాడతారు. కొమురవెల్లి మల్లన్న జాతరలో పూనకం వచ్చే శివసత్తులకి జనం దండం పెడతారు. వాళ్లందరూ తమని ట్రాన్స్‌జెండర్ అనుకోరు. చాలామంది ఆడవాళ్లు, కొందరికి అది పూర్తిగా భక్తి. మనంతట మనం పేరు తగిలించకూడదు. "నిన్ను ఏమని పిలవమంటావు?" అని అడిగితే చాలు.

ఇక ట్రాన్స్ పురుషులు. వీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మేం మొదటి ఏడాదంతా వీళ్లని చూడనే లేదు. అమ్మాయిగా పెరిగినవాళ్లు కాబట్టి గడప దాటనివ్వరు. ఫోన్ లాక్కుంటారు, పెళ్లి సంబంధాలు చూస్తారు. జుట్టు కత్తిరించుకుంటే కొడతారు. ఇరవై మంది ట్రాన్స్ మహిళలున్న గదిలోకి ఒక్క ట్రాన్స్ అబ్బాయి రావడం కష్టం. మేం వాళ్ల కోసం ఆదివారం ఒక గంట ఫోన్ మీటింగ్ పెట్టాం. మొదట్లో ఇద్దరు, ఆరు నెలలకి తొమ్మిది మంది. ఇంట్లో ఎవరైనా వింటుంటే "ట్యూషన్ గురించి" అంటారు. అంటే ఆ రోజుకి మాట్లాడలేరని మాకు గుర్తు.

ఈ నెల రోజుల్లో ఫారాలు పంచి సర్వేలు చేయకండి. కులమేంటి, ఆపరేషన్ అయిందా, హెచ్ఐవీ ఉందా అని అడిగే కాగితాలు మనవాళ్లు లెక్కలేనన్ని నింపారు. అడిగినవాళ్లు మళ్లీ కనిపించలేదు.

రెండో అడుగు: మొదటి సమావేశం

సమయం చూసుకుని పెట్టండి. షాపుల్లో డబ్బులడగడానికి, బధాయికి (శుభకార్యాల ఇళ్లకి దీవెనలివ్వడానికి) వెళ్లేవాళ్లకి పొద్దున్న కుదరదు. రాత్రి పని చేసేవాళ్లు మధ్యాహ్నం దాకా నిద్రపోతారు. మాకు మధ్యాహ్నం మూడు గంటలు సరిపోయింది. చోటు ఎవరి సొంతిల్లూ కాకూడదు, గురువు ఇల్లు అసలే కాకూడదు. ఎవరింట్లో పెడితే వాళ్ల మాటే చెల్లుతుంది. మేం ఒక టైలర్ షాపు పైగది అడిగి తీసుకున్నాం. టైలర్ దగ్గరికి ఎవరైనా వెళ్తారు కదా, చూసినవాళ్లకి అనుమానం రాదు.

ఆటో కిరాయి ఇవ్వండి. టీతో సరిపెట్టకుండా కడుపునిండా అన్నం పెట్టండి. కలిసి తిన్నాక మాటలు వాటంతటవే వస్తాయి.

మొదటి రోజే నాలుగు మాటలు గట్టిగా అనుకోవాలి. ఎవరూ ఫొటో తీయకూడదు, స్టేటస్ పెట్టకూడదు. ఎవరు ఏ పేరు చెబితే అదే పేరు, పాత పేరు అడగకూడదు. ఇక్కడ విన్నది మెట్లు దిగాక ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువ, కానివాళ్లు తక్కువ అనే మాట రాకూడదు. ఈ చివరిది రాసుకోవడం తేలిక, పాటించడం కష్టం. మనలో మనమే "నిర్వాణం (ఆపరేషన్) కాలేదు కదా, నీకేం తెలుసు" అనుకుంటాం. ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆపి మాట్లాడాలి, వదిలేయకూడదు.

మూడో అడుగు: నిర్ణయం ఎవరిది

అయిదుగురితో ఒక చిన్న బృందం వేసుకోండి. అందులో కనీసం నలుగురు ట్రాన్స్‌జెండర్లే ఉండాలి, వాళ్లలో ఒకరు ట్రాన్స్ పురుషుడైతే మంచిది. చదువుకున్నవాళ్లనే ఏరుకోకండి. మా బృందంలో అందరికన్నా బాగా పనిచేసిన అక్కకి సంతకం చేయడం తప్ప రాయడం రాదు. కానీ ఏ వార్డులో ఏ నర్సు మంచిదో, ఏ స్టేషన్లో ఎవరితో మాట్లాడాలో ఆమెకే తెలుసు.

స్నేహితులుగా వచ్చేవాళ్లకి ఒక మాట. మీరు దరఖాస్తు రాయండి, బండి మీద దించండి, మీ పేరు మీద గది అద్దెకి తీసుకోండి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడండి. ఇవన్నీ మాకు చాలా అవసరం. విలేకరి మైకు పెట్టినప్పుడు మాత్రం పక్కకి జరగండి. డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో, ఎవరికి ముందు సాయం చేయాలో మమ్మల్ని నిర్ణయించుకోనివ్వండి. మేం తప్పు చేస్తే అది మా తప్పు, దాన్నించి నేర్చుకుంటాం.

నాలుగో అడుగు: ఒక ఫోన్ నంబరు

ఒక చవక ఫోన్, ఒక కొత్త సిమ్ తీసుకోండి. సొంత నంబర్లు ఇవ్వకండి, నెలకే అలిసిపోతారు. ఫోన్ వారానికి ఒకరి దగ్గర ఉండాలి. దగ్గరున్న వారం వాళ్లకి వేరే పని చెప్పకండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, విషయం, ఏం చేశాం అని రాయండి. పూర్తి పేరు వద్దు, మొదటి అక్షరం చాలు.

వచ్చే ఫోన్లలో అన్నిటికన్నా బరువైనది "బతకాలని లేదు" అనే ఫోన్. అప్పుడు భయపడి మాట మార్చకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందనుకోవడం తప్పు, అడిగితేనే గుండె బరువు దిగుతుంది. చేతికందేంత దూరంలో ఏముందో అడగండి. మన వైపు పల్లెల్లో ఇంట్లోనే పురుగుమందు డబ్బా ఉంటుంది. దాన్ని అక్కణ్నుంచి తీయించండి, లేదా మనిషినే బయటికి రమ్మనండి. ఇద్దరు వెళ్లండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఏదైనా మింగేసి ఉంటే ఇంటి వైద్యాలు వద్దు, వాంతి చేయించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. మనసు బాధకి సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ పట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆ నంబరు నోటికి రావాలి.

రెండో రకం, ఇంట్లో బంధించారనే ఫోన్. ఫోన్ చేసిన మనిషికి 18 నిండాయా అన్నది మొదట తెలుసుకోండి. నిండితే ఎక్కడ ఉండాలో తనిష్టం. ఇల్లు విడిచి వచ్చేముందు ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకోమనండి. "నా ఇష్టంతో వెళ్తున్నాను, నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు" అని సొంత చేతిరాతతో రాసి, సంతకం చేసి, జిల్లా ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపమనండి, ఒక కాపీ ఉంచుకోమనండి. ఇంటివాళ్లు మిస్సింగ్ కేసు పెడితే, మీ మీద కిడ్నాప్ అని రాసిస్తే, ఆ కాగితమే అడ్డుపడుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలుని ముందే పరిచయం చేసుకుని ఉంచండి. వాళ్ల హెల్ప్‌లైన్ 15100. 18 నిండనివాళ్ల విషయంలో మాత్రం సొంతంగా ఇంటికి తెచ్చుకోకండి. ఎంత జాలేసినా అది ఆ పిల్లకీ మీకూ ప్రమాదం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, బాలల సంక్షేమ కమిటీ దాకా మీరు తోడు వెళ్లండి.

అయిదో అడుగు: కాగితాలు

నెలకొక రోజు "కాగితాల రోజు" పెట్టండి. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, ఓపికగా కూర్చునే ఇద్దరు ఉంటే చాలు.

మొదటిది ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం, కార్డు. కేంద్రం 2020 నవంబరులో పెట్టిన జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే జిల్లా కలెక్టర్ ఇస్తారు. 2020 నిబంధనలు తెచ్చినప్పటి పద్ధతి ఇది: స్వయంగా రాసిచ్చే అఫిడవిట్ సరిపోయేది, వైద్య పరీక్ష అక్కర్లేకపోయేది, 30 రోజుల్లో పత్రం ఇవ్వాల్సి ఉండేది, తిరస్కరిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకునే వీలుండేది. ఆపరేషన్ తర్వాత స్త్రీ అనో పురుషుడనో మార్చుకోవడానికి ఆసుపత్రి పత్రంతో వేరే దరఖాస్తు ఉంటుంది. చట్టం, నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి పాత ఫారం జిరాక్సు పట్టుకుని వెళ్లకండి. దరఖాస్తు చేసే రోజున పోర్టల్ చూడండి, న్యాయ సేవాధికార సంస్థలో ఒకసారి అడగండి. కార్డు ఇప్పటికే ఉన్నవాళ్లు రెండు రంగు కాపీలు తీసి వేరే చోట దాచుకోండి.

మాలో ఒకరి దరఖాస్తు ఒక ఆఫీసులో అయిదు నెలలు కదల్లేదు. అడిగిన ప్రతిసారీ "సార్ లేరు" అన్నారు. ఆమె ఒక్కతే నాలుగుసార్లు వెళ్లింది, ప్రతిసారీ అక్కడి వాళ్లు పని ఆపి మరీ చూసి నవ్వుకున్నారు. అయిదోసారి ముగ్గురం వెళ్లాం. దరఖాస్తు నంబరు, తేదీ, నిబంధన రాసిన కాగితం ఇచ్చి రసీదు అడిగాం. పన్నెండు రోజుల్లో కార్డు వచ్చింది. ఒక్కరే వెళ్లకండి అని నేను పదే పదే చెప్పేది అందుకే.

కార్డు వచ్చాక ఆధార్, తర్వాత బ్యాంకు, పాన్, ఓటరు కార్డు, రేషన్ కార్డు. ఈ వరుస తప్పితే ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు పడి పింఛను ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను కింద ట్రాన్స్‌జెండర్లకి 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు వస్తున్నాయి. అక్కడున్నవాళ్లు గ్రామ, వార్డు సచివాలయంలో అడగాలి.

ఆరో అడుగు: ఆసుపత్రి

మన బృందం ఒక్క పని మాత్రమే చేయగలిగితే అది ఇదే కావాలని నేను కోరుకుంటాను. మనవాళ్లు జబ్బుతో కన్నా, ఆసుపత్రికి వెళ్లడానికి సిగ్గుపడి ఎక్కువ నష్టపోతారు. ఓపీ చీటీ మీద పాత పేరు, మైకులో ఆ పేరే గట్టిగా పిలవడం, ఆడవాళ్ల లైనా మగవాళ్ల లైనా అనే గొడవ, జ్వరానికి వెళ్తే బట్టలు తీయమనడం. ఒకసారి ఇలా జరిగితే ఆ మనిషి మళ్లీ గేటు తొక్కదు.

ముందు డాక్టర్ల జాబితా తయారుచేయండి. పెద్ద పేర్లు అక్కర్లేదు. ఒక జనరల్ డాక్టరు, ఒక చర్మ వ్యాధుల డాక్టరు, ఒక మానసిక వైద్యులు, ఒక గైనకాలజిస్టు, ఉంటే ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు). బృందంలో ఇద్దరు వెళ్లి పది నిమిషాలు మాట్లాడండి: "మావాళ్లు వస్తే వాళ్లు చెప్పిన పేరుతో పిలుస్తారా? అవసరం లేని పరీక్ష చేయరు కదా?" ఒప్పుకున్నవాళ్ల పేరు జాబితాలో రాయండి. ఎవరైనా వెళ్లి బాధపడి వస్తే కొట్టేయండి. అలాంటి డాక్టర్లు లేరనుకోకండి. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరారు, తెలంగాణ ప్రభుత్వ వైద్య సేవలో వాళ్లే మొదటివాళ్లు. జిల్లాల్లో మైత్రి పేరుతో ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు 2024 డిసెంబరులో మొదలుపెట్టింది. మీ జిల్లాలో అది ఏ రోజుల్లో నడుస్తోందో స్వయంగా వెళ్లి చూసి రాసుకోండి.

తోడు వెళ్లేవాళ్లకి పని ముందే చెప్పండి. చీటీ తీసుకోవడం, పేరు సరిచేయించడం, డాక్టరు చెప్పింది రాసుకోవడం, మందులు కొనడం. లోపలికి రమ్మంటేనే లోపలికి వెళ్లాలి. బయటికొచ్చాక ఏం జబ్బని అడగకూడదు.

హార్మోన్ల గురించి సమావేశంలో దాచకుండా మాట్లాడండి. మనవాళ్లు మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకి నాలుగు, అయిదు మింగడం నాకు తెలుసు, నేనూ మింగాను. ఎక్కువ వేసుకుంటే త్వరగా మార్పు వస్తుందన్నది అబద్ధం. త్వరగా వచ్చేది రక్తం గడ్డకట్టే ప్రమాదం. సిగరెట్, బీడీ తాగేవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి అది ఇంకా ఎక్కువ. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ నిమిషమే ఎమర్జెన్సీకి వెళ్లాలి. "నేను హార్మోన్ మాత్రలు వాడుతున్నాను" అని మొదటి మాటగా చెప్పాలి.

హార్మోన్లు వాడకండి అని నేను అనను. డాక్టరు దగ్గర, రక్తపరీక్షలతో వాడండి అంటాను. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు చేయిస్తారు. లివర్, కిడ్నీ, షుగర్, కొవ్వు, హార్మోన్ల స్థాయి చూస్తారు. స్పైరనోలాక్టోన్ (మగ హార్మోన్‌ని అణిచే మందు) వాడేవాళ్లకి పొటాషియం కూడా చూడాలి. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) వాడే అన్నలకి, తమ్ముళ్లకి రక్తం చిక్కబడుతుంది కాబట్టి హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (ఎర్ర రక్తకణాల శాతం) పరీక్షలు తప్పనిసరి. నెలసరి ఆగింది కదా అని గర్భం రాదనుకోకండి, టెస్టోస్టిరాన్ గర్భనిరోధకం కాదు. ఛాతీకి కట్టుకునే బైండర్ రోజుకి ఎనిమిది గంటలకి మించి వద్దు, పడుకునేటప్పుడు అసలే వద్దు. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటే పక్కటెముకలు దెబ్బతింటాయి.

ఆపరేషన్ సంగతి. ఊరూ పేరూ లేని చోట, తక్కువ డబ్బుకి చేయించుకుని వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. మూత్రం సన్నగా వస్తున్నా, మంట ఉన్నా ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. సమావేశంలో నేను నా సంగతి చెప్పాకే ఇంకో ముగ్గురు చెప్పారు. మూత్రమార్గం ముడుచుకుపోవడానికి యూరాలజిస్టు దగ్గర వైద్యం ఉంది. ఆలస్యం చేస్తే కిడ్నీల దాకా పోతుంది. ఆపరేషన్‌కి వెళ్లబోయేవాళ్లతో ముందే కూర్చుని రాసుకోండి: ఆ తర్వాత ఎన్ని వారాలు పనికి పోలేరు, అద్దె ఎవరు కడతారు, అన్నం ఎవరు వండుతారు, కుట్లు చీము పడితే ఎవరు తీసుకెళ్తారు. ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం, అందులోనే లింగ మార్పిడి ఆపరేషన్లు కూడా అని కేంద్రం 2022 ఆగస్టులో ప్రకటించింది. దాన్ని నమ్ముకుని తేదీ పెట్టుకునే ముందు, ఆసుపత్రి ఆ పథకంలో చేస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి.

హెచ్ఐవీ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, 1097కి ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు. ఎవరి పరిస్థితీ బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. అయితే మన బృందం హెచ్ఐవీ దగ్గరే ఆగిపోకూడదు. ఏళ్లుగా బయటి సంస్థలు మనని ఆ ఒక్క జబ్బుతోనే చూశాయి. మాకు బీపీ వస్తుంది, పళ్లు పుచ్చుతాయి, మోకాళ్లు నొప్పి పెడతాయి.

ట్రాన్స్ పిల్లని "మామూలుగా మార్చేస్తాం" అనే డాక్టరు ఎవరైనా కనిపిస్తే తల్లిదండ్రులకి ఒక్క మాట చెప్పండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది.

ఏడో అడుగు: చేతిలో డబ్బు

పొదుపు గుంపు పెట్టుకోండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లని అడిగితే ట్రాన్స్‌జెండర్ల గుంపుగా నమోదు చేయించుకునే దారి చెబుతారు. మామూలు గుంపుకి పది మంది కావాలి, మనలాంటివాళ్లకి అయిదుగురితోనూ వెసులుబాటు ఉంటుంది. వారానికి యాభై రూపాయలైనా చాలు. సమయానికి కూర్చోవడం, పొదుపు, లోపల అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకం రాయడం అనే పంచసూత్రాలు మన అమ్మలు, అక్కలు నడిపి చూపించినవే. మా మొదటి అప్పు 1,200 రూపాయలు. ఒక అక్క ఇంటి అద్దెకి తీసుకుంది. ఆ నెల ఆమె రాత్రి రోడ్డు మీద నిలబడక్కర్లేకపోయింది.

ఉద్యోగాల మాట వస్తే, 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు 39 మంది ట్రాన్స్‌జెండర్లని అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడు మా గదిలో చప్పట్లు కొట్టాం. ఆ వీడియో మళ్లీ మళ్లీ చూశాం. అలాంటి నోటిఫికేషన్ వస్తే పరుగెత్తడానికి పదో తరగతి మెమో చేతిలో ఉండాలి. అందుకే ఓపెన్ స్కూల్ ఫీజు మా పొదుపులోంచి ఇస్తున్నాం.

ఎనిమిదో అడుగు: అమ్మానాన్నలు

వాళ్లని తిట్టడానికి పిలవకండి. పిల్లని ఒప్పుకున్న ఒక అమ్మని ముందు వెతికి పట్టుకోండి. మిగతా అమ్మలు ఆమె మాటే వింటారు, మన మాట వినరు. మా దగ్గర ఒక అమ్మ వచ్చినవాళ్లకి ఒకటే చెబుతుంది: "నా బిడ్డ ఎక్కడుందో తెలియని రెండేళ్ల కన్నా ఇది ఎంతో నయం." పిల్ల ఒప్పుకోకుండా మాత్రం ఆ ఇంటికి ఎన్నడూ వెళ్లకండి.

తొమ్మిదో అడుగు: రిజిస్ట్రేషన్, నిధులు

ఏడాది నడిచాకే సొసైటీగా నమోదు చేయించండి. 2001 సంఘాల నమోదు చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. నియమావళిలో "కార్యవర్గంలో మూడొంతుల మంది ట్రాన్స్‌జెండర్లే ఉండాలి" అని రాయించండి. ఇది మొదట్లోనే రాసుకోకపోతే తర్వాత రాయనివ్వరు.

నిధుల గురించి మిత్ర్ క్లినిక్ సంగతి ప్రతి బృందానికీ తెలియాలి. 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో అది మొదలైంది. డాక్టరు నుంచి కౌన్సిలర్ దాకా మనవాళ్లే పనిచేసిన మొదటి క్లినిక్. మందులు, హార్మోన్ల సలహా, మానసిక వైద్యం, న్యాయ సలహా అన్నీ ఒకే గడప లోపల దొరికేవి. అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ డబ్బుతో నడిచేది. 2025 మొదట్లో అక్కడ నిధులు ఆపేశారు, ఇక్కడ తలుపు మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరుచుకుంది. అక్కడివాళ్లు చేసిన పనిలో లోపమేమీ లేదు, డబ్బు ఒకే చోటి నుంచి రావడమే గండమైంది.

మేం అందుకే ఖర్చుని రెండుగా విడగొట్టాం. ఫోన్, ఆటో కిరాయి, గది అద్దె, టీ, అన్నం ఎప్పుడూ మా సొంత చందాలతోనే. బధాయికి వెళ్లే అక్కలు నెలకి ఇంత అని వేస్తారు, ఉద్యోగాలున్నవాళ్లు కొంచెం ఎక్కువ వేస్తారు. బయటి డబ్బు వస్తే శిక్షణకి, ల్యాప్‌టాప్‌కి, వైద్య శిబిరానికి వాడతాం. రేపు ఆ డబ్బు ఆగినా రాత్రి ఫోన్ మోగితే ఎత్తేవాళ్లు ఉంటారు. విదేశాల్లోని తెలుగువాళ్లు సాయం చేస్తామంటే సంతోషం, కానీ ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా విదేశీ నిధులు ఖాతాలో వేయించుకోకండి. మంచి మనసుతో పంపినా కేసు అవుతుంది.

నెల చివర జమాఖర్చు గోడకి అంటించండి. డబ్బు దగ్గర అనుమానం వచ్చిన బృందం నిలబడగా నేను చూడలేదు.

పదో అడుగు: చివరి రోజు

ఇది ఎవరూ మాట్లాడరు, అందుకే రాస్తున్నాను. మాలో ఒక అక్క చనిపోయినప్పుడు పదేళ్లుగా పలకరించని ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లారు. జుట్టు కత్తిరించి, పంచె కట్టి, పాత పేరుతో దహనం చేశారు. మమ్మల్ని శ్మశానం గేటు బయటే నిలబెట్టారు. ఆ రోజు మా చేతిలో ఒక్క కాగితమైనా లేదు.

ఇప్పుడు మా గదిలో ఒక ఇనుప పెట్టె ఉంది. అందులో ఒక్కొక్కరికీ ఒక కవరు ఉంటుంది. ఆసుపత్రిలో స్పృహ లేకపోతే ఎవరిని పిలవాలి, బ్యాంకు నామినీ ఎవరు, సొమ్ము, సామాన్లు ఎవరికి అని ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా, దహనమా ఖననమా, ఏ పేరు చెప్పి ఏడవాలి అన్నీ రాసి ఉంటాయి. వీలునామాతో సొమ్ము ఎవరికో తేలుతుంది. శవాన్ని ఎవరికి అప్పగించాలన్నది దాంతో తేలకపోవచ్చు. అందుకని మా ఫోన్ నంబరు దగ్గరి పోలీస్ స్టేషన్లో, మార్చురీలో ముందే ఇచ్చి ఉంచాం. ఇంటివాళ్లతో మాటలున్నవాళ్లు ఆ కోరికని బతికుండగానే ఇంట్లో చెప్పుకుంటున్నారు.

కవరు తెరిచి పెట్టుకుని రాయడానికి మొదట అందరూ భయపడ్డారు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లే అడిగి రాసుకుంటున్నారు. మొన్న ఒక చిన్నపిల్ల, ఇరవై ఏళ్లుంటాయి, తన కవర్లో "ఆకుపచ్చ పట్టుచీర, మల్లెపూలు" అని రాసి, కింద ఇంకో గీత గీసి, ఇంట్లో ఒప్పుకోకపోతే ఎవరికి ఫోన్ చేయాలో మా బృందం నంబరు వేసింది.